పదవీ విరమణ వయసు గారికి ఒక పాత గుమస్తా విన్నపం

మహారాజశ్రీ పదవీ విరమణ వయసు గారి దివ్య సముఖానికి, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తూ, 2026 జూన్ 30న తమ చేతుల మీదుగా ఇంటిదారి పట్టవలసిన నేను నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

ఉభయకుశలోపరి. నా కుశలం సంగతి మోకాళ్ళను అడగాలి గాని, తమ కుశలం మాత్రం గెజెట్లలో చూస్తూనే ఉన్నాను. మాబోటివాళ్ళం ఏడాదికి ఒక్క ఏడు చొప్పున పెరుగుతాం. తమరు ప్రభుత్వం తలచినప్పుడు పెరుగుతారు, తలిస్తే తగ్గుతారు కూడా. 58గా ఉన్నవారు 1983 ఫిబ్రవరిలో 55కు దిగారు, 1984 ఆగస్టులో మళ్ళీ 58కి ఎక్కారు, 2014లో 60 అయ్యారు, 2022 జనవరిలో 62కు చేరారు. అందరినీ సాగనంపే తమకు మాత్రం ఇంతవరకు వీడ్కోలు సభ జరగలేదు.

ఆ 1983 ఫిబ్రవరి 28న తమరు ఇంటికి పంపిన పద్దెనిమిది వేల పైచిలుకు ప్రభుత్వోద్యోగులలో మా నాన్నగారు ఒకరు. ఆయన వయసు అప్పటికి 56 దాటింది. ఉదయం కార్యాలయానికి వెళ్ళేటప్పుడు ఉన్న కంటిచూపు, జ్ఞాపకశక్తి, దస్తూరీ సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం ఏ గంటలో ముసలివాడయ్యారో ఆయనకు బోధపడలేదు. 1984 జూలైలో ఆయనకు 58 నిండాయి, తమరు ఆగస్టు 23న 58కి తిరిగివచ్చారు. ఆ 55 చెల్లుతుందని సుప్రీంకోర్టు 1985 జనవరిలో చెప్పేనాటికి తమరు ఆ అంకెను వదిలిపెట్టి నెలలు గడిచాయి. డబ్బు లెక్కలు తరువాత కోర్టులు చూసుకున్నాయి గాని, ఏ పనీ లేక ఆయన అరుగు మీద గడిపిన రోజుల లెక్క ఎవరూ చూడలేదు.

తమ భూగోళ పరిజ్ఞానం కూడా నాకు అబ్బురమే. తెలంగాణలో తమరు 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. అంటే నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ దాటితే మనిషికి ఒక ఏడాది శక్తి అదనంగా వస్తుందన్నమాట. మా వీధిలోనే ఉన్న తపాలా కార్యాలయం కేంద్ర ప్రభుత్వానిది కనుక అక్కడి గుమస్తా 60కే అలసిపోవాలి. (ఇంతకీ నా పుట్టినరోజు జూలై 1 అని నిర్ణయించినది మా ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులు, మా అమ్మకు గుర్తున్నది వేరుశనగ పీకే రోజులని మాత్రమే. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల చివరి రోజునే దిగిపోవాలన్న నిబంధన వల్ల, ఆయన కలం పోటుకు మా బడి బ్యాచిలో సగం మంది ఒకే జూన్ 30న విరమిస్తున్నాం.)

నా సర్వీసులో తమరు రెండుసార్లు పెరిగి నాకు నాలుగేళ్ళు ప్రసాదించారు. ఇంటి అప్పు తీరింది, కృతజ్ఞుణ్ణి. అయితే, గ్రూప్-2 పరీక్షలకు ఏళ్ళ తరబడి చదువుతున్న మా పక్కింటి కుర్రవాడు నన్ను చూసే చూపులో, దారికి అడ్డంగా పడుకున్న గేదెను చూసే ఓపిక కనిపిస్తుంది. అతనికి నేను జవాబు చెప్పలేను. తమరైనా చెప్పగలరా, ఆ నాలుగేళ్ళు నాలోని పనితనం కోసం ఇచ్చారా, లేక గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ముందుగానే మొత్తంగా ఇచ్చే) సొమ్ము ఒక్కసారిగా చెల్లించవలసిన రోజును వెనక్కు నెట్టడానికి ఇచ్చారా?

ఎందుకు అడుగుతున్నానంటే, అంకె మారిన రోజున మా కార్యాలయంలో మరేదీ మారలేదు. రికార్డు గది రెండో అంతస్తులోనే ఉంది. "లిఫ్టు పనిచేయదు" అని అంటించిన కాగితం కూడా పండి రాలిపోయింది. కుర్చీలోని కేను తెగితే మడతపెట్టిన తువ్వాలు వేసుకొని కూర్చుంటున్నాను. ఫైళ్ళన్నీ కంప్యూటరులోకి మారినప్పుడు శిక్షణకు పంపవలసిన పేర్ల జాబితాలో నా పేరు చూసి, "మీరెలాగూ వెళ్ళిపోయేవారు కదండీ" అని మర్యాదగా కొట్టివేశారు. ఆ వెళ్ళిపోవడానికి అప్పటికి ఇంకా ఆరేళ్ళున్నాయి. పని మాత్రం నాదే కనుక, నిన్నగాక మొన్న చేరిన జూనియర్ అసిస్టెంటమ్మాయి మధ్యాహ్నం భోజనాల వేళ నేర్పింది.

ఊరు పొమ్మంటుంది, కాడు రమ్మంటుంది అనేవారు పెద్దలు. తమరేమో ఉండమంటున్నారు, మెట్లేమో వద్దంటున్నాయి.

మనిషిని పనిలో నిలబెట్టడమెలాగో మన దగ్గర తెలియనివారు లేరు. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టాలంటే, ఒక్క చీరకే చేతిని మేకులకూ ఇవతలికీ దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడించాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. భుజం పడిపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, చదువు పెద్దగా లేకపోయినా, ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ కథలో తమరు ఎక్కడా కనిపించరని మనవి చేసుకుంటున్నాను. ఆ తల్లికి ఎన్నేళ్ళని ఆయన లెక్కవేయలేదు. ఏ కదలిక దగ్గర నొప్పి పుడుతోందో చూసి, ఆ కదలికను యంత్రానికి అప్పగించారు.

నలభై దాటితే వచ్చే చూపు మందగింపుకు మనవాళ్ళు చత్వారం అని పేరు పెట్టి ఊరుకున్నారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై నిండిన 751 మందిని తీసుకొని, సగం మందికి దగ్గరచూపు కళ్ళద్దాలు ముందుగా ఇచ్చి చూస్తే, అద్దాలు లేనివారితో పోల్చినప్పుడు వారు కోసే ఆకు 20 శాతానికి పైగా పెరిగిందని 2018లో ఒక పరిశోధన ప్రచురితమైంది. జర్మనీలోని డింగోల్ఫింగ్‌లో బీఎండబ్ల్యూ కంపెనీ 2007లో ఒక ఉత్పత్తి వరుసలో వయసు మళ్ళినవారిని ఎక్కువగా చేర్చి, ఏమి కావాలో వారినే అడిగింది. వారు అడిగినవి చెక్క నేల, కూర్చొని పనిచేసే కుర్చీ, భూతద్దం వంటివి. అలాంటి చిన్న మార్పులు డెబ్బై దాకా చేసేసరికి ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. నేను నా సర్వీసు మొత్తంలో సంతకాలు అడిగినవారినే చూశాను గాని, ఏమి కావాలని అడిగినవారిని చూడలేదు.

ఇంకొక్క మాట. తమ పేరు కూడా వినని హమాలీలు, తాపీ కూలీలు, బీడీలు చుట్టే తల్లులు ఉన్నారు. వారికి 58 లేదు, 62 లేదు. నడుము ఏ రోజు కాదంటే ఆ రోజే విరమణ, శాలువా లేకుండా. భవిష్యనిధి పింఛను పథకంలో ఉన్నవారికైనా కనీస పింఛను 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయలే. తమ దయకోసం మేము కొట్టుకుంటున్న గొడవలు వారికి ఎంత వింతగా కనిపిస్తాయో!

వచ్చే వేతన సంఘం తమరిని 65 చేస్తుందని మా వరండాలో పుకారు. తమ ఇష్టం. కాని ముందుగా ఒకసారి మా కార్యాలయానికి దయచేసి, రెండో అంతస్తుకు మెట్లెక్కి, రికార్డు గదిలో పైఅరలోని దస్త్రాల కట్ట ఒకటి తమరే దించి చూడగలరు.

జూన్ 30న నాకు కప్పబోయే శాలువా కోసం మనిషికి రెండు వందల చొప్పున చందా వసూలు మొదలైందని తెలిసింది. ఆ డబ్బుతో రికార్డు గదికి ఒక ట్యూబులైటు, మా కుర్చీలకు కేను వేయించమని కోరాను. నా తరువాత ఆ కుర్చీలో కూర్చోబోయే ఆయనకు ఇప్పుడు 57.

ఇట్లు,
తమ విధేయుడు,
చత్వారం వచ్చిన గుమస్తా