గూడబాతుల దగ్గర డ్రిల్లు మాస్టారు

పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి పక్షుల్ని మించిన టూరు లేదని నా నమ్మకం. పులి కోసం జీపులో ఒళ్లు హూనం చేసుకోనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే అవే కనిపిస్తాయి. అందుకే సంక్రాంతి సెలవుల్లో నాన్నని సూళ్లూరుపేట వైపు బయల్దేరదీశాను. "కొంగల్ని చూడ్డానికి పెట్రోలు దండగ" అన్నారు గానీ, పక్కనే శ్రీహరికోట అనగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని కారెక్కేశారు.

శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. దూరంగా ఫ్లెమింగోలు తలలు తలకిందులుగా ముంచి మేస్తున్నాయి. నాన్న చూపంతా షార్ రాకెట్ కేంద్రం వైపే.

"ఇవాళ రాకెట్టు లేదా?"

"లేదు నాన్నా, పక్షుల్ని చూడండి."

"చూశాగా. ఆ గులాబీ రంగేంటి?"

"అవి తినే నాచు, బుల్లి బుల్లి రొయ్యల వల్లే."

ఆయన కాసేపు ఆలోచించారు. "ఆ లెక్కన చిన్నప్పట్నుంచీ తిన్న గోంగూరకి నేనీపాటికి పచ్చగా అయిపోవాలే" అన్నారు.

అసలు కథ నేలపట్టులో. 1976 నుంచీ అది పక్షుల అభయారణ్యం. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. అక్కడ మాట్లాడకూడదు. మా నాన్నేమో హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి. ఆయన రహస్యం చెప్తే పక్క వీధి వాళ్లు సలహా ఇస్తారు. పైగా వినికిడి మిషన్ చెవిలో ఉండదు, జేబులో ఉంటుంది. ఊరికే పెట్టుకుంటే బ్యాటరీ అయిపోతుందట.

వాచ్ టవర్ మీద ఒక కుర్రాడు మూరెడు లెన్సు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఎదురుగా కొమ్మ మీద ఒక నీటికాకి. అది రెక్కలు చాపి ఆరబెట్టుకుంటే ఫొటో తీద్దామని ఎప్పట్నుంచి కాచుకున్నాడో పాపం. నేను నోటి మీద వేలుంచి నాన్నకి సైగ చేశాను. ఆయన బుద్ధిగా తలూపి, బైనాక్యులర్స్ అందుకున్నారు. రెండు నిమిషాలు నిజంగానే ప్రశాంతంగా గడిచాయి.

"అమ్మాయ్! మింగేస్తోందే! పిల్లని మింగేస్తోంది!"

గూడబాతు పిల్లలు తల్లి నోట్లోకి తల దూర్చి, గొంతు సంచిలో ఉన్న చేపలు లాక్కుని తింటాయి. ఆ సంగతి నేను ముందే చెప్పాను, మిషన్ జేబులో ఉండగా. ఆ కేకకి నీటికాకి లేచిపోయింది. దాని వెనకే చుట్టుపక్కల కొంగలన్నీ లేచాయి. గూడబాతులు మాత్రం కదల్లేదు. బిడ్డల తల్లులు కదా, ఇలాంటి తాతల్ని చాలామందిని చూసుంటాయి. కుర్రాడు మావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

లేచిన వాటిలో ఒకటి పోతూ పోతూ నాన్న ఇస్త్రీ చొక్కా మీద భుజం నుంచి జేబు దాకా రెట్ట వేసిపోయింది. నా గుండె ఆగింది. చొక్కా మీద కాఫీ చుక్క పడితే ఇంట్లో విచారణ సంఘం వేసే మనిషాయన.

టవర్ దిగేసరికి అక్కడి వాచర్ చూసి నవ్వాడు. "ఏం కాదు సార్, ఈ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే మా పొలాలకి వేరే ఎరువెందుకు?"

ఎరువు అన్న మాట పెదాల కదలికలోనే పట్టేశారు. గబగబా మిషన్ తీసి చెవిలో పెట్టుకున్నారు. ఇక ఒకటే ప్రశ్నలు. ఏ పంట వేస్తారు, ఎకరాకి ఎన్ని బస్తాలు, యూరియా ఎంత తగ్గుతుంది. అరగంట గడిచింది. చొక్కా ఆరిపోయింది. నేను పక్షుల్ని చూపించడం మానేసి చెట్టు కింద కూర్చున్నాను.

కారెక్కుతూనే చిన్నాన్నకి ఫోన్ చేశారు. "బాగానే ఉందిరా. పక్షులకే బొత్తిగా క్రమశిక్షణ లేదు. ఒకటే అరుపులు, చెవులు చిల్లులు పడ్డాయనుకో!"