తుపానుకున్న మర్యాద నిప్పుకేదీ?

నిప్పు మీద నా ఫిర్యాదు దాని వేడి గురించి కాదు, దాని నడవడిక గురించి. ఒడిశాలోని బరంపురం వాళ్లం కాబట్టి విపత్తు అన్నది ఎంత పద్ధతిగా రావాలో మాకు బాగా తెలుసు. తుపానునే చూడండి. అండమాన్ దగ్గరెక్కడో అల్పపీడనంగా పుట్టి, వాయుగుండంగా ఎదిగి, మెట్టు మెట్టుగా పైకొస్తుంది. 13 దేశాలు ముందే రాసిపెట్టుకున్న జాబితాలోంచి దానికో పేరు పెడతారు. గోపాల్‌పూర్ రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. సూచిక నంబరు పెరిగేకొద్దీ కిరాణా కొట్లో కొవ్వొత్తుల ధర కూడా పెరుగుతుంది కాబట్టి వార్తలు చూడనివాడికీ సంగతి తెలిసిపోతుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికే ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. 1999లో సూపర్ సైక్లోన్ పదివేల మంది దాకా పొట్టనబెట్టుకున్న రాష్ట్రం ఇదే. ఫైలిన్‌కి ఆ లెక్క పదుల్లో ఆగింది. తుపాను చెప్పిన టైముకు వచ్చింది, మనం చెప్పిన టైముకు లేచి వెళ్లాం.

నిప్పుకు ఈ సంస్కారం లేదు. పేరు లేదు, బులెటిన్ లేదు, తీరం దాటే వేళ లేదు. అర్ధరాత్రి మీటర్ల గదిలో ఏ లూజు కనెక్షన్ దగ్గరో పుట్టి, ఎవరికీ చెప్పాపెట్టకుండా మెట్ల మీదుగా పైకొచ్చేస్తుంది. కనీసం 48 గంటల ముందు సమాచారం ఇవ్వని నిప్పును నిప్పుగా గుర్తించరాదని పైవారికి నా విన్నపం. మా అపార్ట్‌మెంట్ మటుకు ఇప్పటికే ఇదే విధానం మీద నడుస్తోంది.

ముందుగా ఎత్తు సంగతి తేల్చుకోవాలి. 2016 నాటి జాతీయ భవన నియమావళి ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఉన్నది హైరైజ్. అగ్నిమాపక నిబంధనల గొడవంతా అక్కడే మొదలవుతుంది. మా బిల్డర్ గారు లెక్కల్లో దిట్ట. 14 మీటర్ల 90 సెంటీమీటర్ల దగ్గర ప్లాను ఆపేశారు. ఆ మిగిలిన పది సెంటీమీటర్లే మాకు రక్ష. నిప్పు టేపు పట్టుకుని వస్తుంది, కొలుచుకుంటుంది, ‘అరెరే, ఇది హైరైజ్ కాదే’ అని నాలుక్కరుచుకుని వెనక్కి పోతుంది. తరువాత టెర్రస్ మీద రేకుల షెడ్డు, దాని పక్కన ఒక గది, గది మీద నీళ్ల ట్యాంకులు లేచాయి. అవి ప్లానులో లేవు కాబట్టి ఎత్తులోకి రావు.

సరిహద్దులో బతకడంలో ఇంకో సుఖం ఉంది. ఇక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు దక్షిణానికి వెళ్లి పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటామా, ఆంధ్ర నిబంధనలు వచ్చేస్తాయి. అక్కడ నివాస భవనం 18 మీటర్లకు చేరితేగాని హైరైజ్ అనిపించుకోదు. అంటే పదహారున్నర మీటర్ల ఇంట్లో పొగ బరంపురంలో అయితే ప్రమాదకరం, ఇచ్ఛాపురంలో అయితే ఇంటి వ్యవహారం. మా చుట్టాలు సగం అటు, సగం ఇటు. ఇచ్ఛాపురం మేనమామ పిల్లనిచ్చేటప్పుడు కట్నకానుకలతో పాటు ఈ మూడు మీటర్ల లెక్క కూడా మాట్లాడుకోవడం మంచిది.

నిబంధన సంగతి అలా ఉంచి నిచ్చెన సంగతి చూద్దాం. మామూలు ఫైరింజన్ మీద ఉండే అల్యూమినియం నిచ్చెన పూర్తిగా సాగదీస్తే పదిన్నర మీటర్లు. గోడకు వాలుగా వేస్తే మూడో అంతస్తు కిటికీ అందితే గొప్ప. పై అంతస్తుల వాళ్ల సంగతి పైవాడే చూసుకోవాలి. 2019 మే 24న సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పై అంతస్తులో కోచింగ్ క్లాసు నడుస్తుండగా మంటలొచ్చాయి. మెట్లు కాలిపోయాయి, నిచ్చెనలు అందలేదు, పిల్లలు కిటికీల్లోంచి దూకారు. 22 మంది పోయారు. ఆ వీడియో చూసిన వారం రోజులూ మా ఊళ్లో ఎవరి నోట విన్నా కోచింగ్ సెంటర్ల మాటే. తరువాత పరీక్షల ఫలితాలొచ్చాయి, అడ్మిషన్లు మొదలయ్యాయి.

ముంబయిలో, బెంగళూరులో 90 మీటర్ల దాకా లేచే నిచ్చెన బండ్లు ఉన్నాయి. అలాంటిదొకటి మనకూ తెప్పించాలని మా కమిటీలో ఒకాయన పట్టు. తెప్పిద్దాం. ఆ బండి నిలబడాలంటే గట్టి నేల, నాలుగు కాళ్లూ బారచాపుకునేంత చోటు కావాలి. మా వీధిలో ఒక కాలు చాట్ బండి మీద, ఒక కాలు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద, మిగతా రెండూ వరసగా నిలబెట్టిన మోటార్‌సైకిళ్ల మీద పెట్టి లేవాలి.

అసలు బండి లోపలికి రావాలి కదా. మా గేటు మీద సిమెంటు తోరణం ఉంది, అటొకటి ఇటొకటి సింహాలు. దాని ఎత్తు ఖాయం చేసేటప్పుడు కమిటీ శాస్త్రీయంగానే ఆలోచించింది. వినాయకచవితి విగ్రహం పట్టాలి అన్నారు, పట్టేంత కట్టారు. కాకపోతే గణపతి కూర్చుని వస్తాడు, ఫైరింజన్‌కు ఆ అలవాటు లేదు. లోపల చుట్టూ వదలమన్న ఖాళీలో ఒక పక్క జనరేటర్, ఇంకో పక్క గుడి. గుడి తీయమనే ధైర్యం ఏ ఇన్‌స్పెక్టర్‌కు ఉంటుంది? పైగా అందులో ఉన్నది ఆంజనేయస్వామి. లంకలో ఆయనకున్న అనుభవం దృష్ట్యా ఆయన్ని మా గౌరవ అగ్నిమాపక సలహాదారుగా భావించాలి.

హైరైజ్ కాకపోయినా, బ్రోషర్‌లో ఫొటో బాగా రావాలని బిల్డర్ గారు ప్రతి అంతస్తులో నిప్పార్పే గొట్టానికి ఒక ఎర్ర డబ్బా పెట్టించారు. అద్దం మీద ‘అవసరమైతే పగలగొట్టండి’ అని మూడు భాషల్లో ఉంటుంది. అవసరం రోజూ ఉంటుంది కాబట్టి అద్దం ఎప్పుడో పోయింది. రెండో అంతస్తు డబ్బాలో ప్రస్తుతం రెండు చీపుళ్లు, సగం ఫినాయిల్ సీసా, పిడి విరిగిన క్రికెట్ బ్యాటు ఉన్నాయి. ఇత్తడి నాజిల్ పాత సామాన్ల బండి ఎక్కి చాలా కాలమైంది. రబ్బరు గొట్టం మాత్రం క్షేమం. ఆదివారం కారు కడుక్కున్న వాళ్లు దాన్ని చుట్టి బుద్ధిగా మళ్లీ అక్కడే పెడతారు.

పక్కనే గోడకు మంటలార్పే సిలిండరు. దాని మెడ దగ్గర రూపాయి బిళ్లంత మీటరు ఉంటుంది, ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. మావన్నీ ఎరుపులో ఉన్నాయి. సిలిండరు కూడా ఎరుపే కాబట్టి మ్యాచింగ్ అయిందని సెక్రటరీ గారి అభిప్రాయం. తనిఖీ కార్డు మీద లోటేమీ లేదు, వచ్చే నెల సంతకం కూడా ఈ నెలే పడిపోయింది.

మెట్ల తలుపుల విషయంలో మాత్రం మేమంతా ఒక్కటే. దానంతటదే మూసుకునే బరువు తలుపు కాబట్టి పాలవాడికి, పనిమనిషికి, ఆడుకునే పిల్లలకు ఇబ్బంది. ప్రతి తలుపుకీ ఒక సగం ఇటుక అడ్డం పెట్టాం. ఆ తలుపు అక్కడ ఎందుకుందో చెప్పేవాళ్లు చెబుతూనే ఉంటారు: మంట కంటే ముందు చంపేది పొగ, తలుపులు తెరిచి ఉంటే మెట్ల దారి మొత్తం ఇటుకబట్టీ గొట్టంలా ఆ పొగను పైకి లాగేస్తుంది అని. 2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున కోల్‌కతాలో ఒక ఆసుపత్రి సెల్లార్‌లో మంట పుట్టింది. పార్కింగ్‌కని చూపించిన చోట సామాను నింపారు. అద్దాలతో మూసేసిన ఆ భవనంలో పై అంతస్తుల రోగులు మంట చూడకుండానే, మంచాల మీదే ఊపిరాడక పోయారు. తొంభై మంది దాకా. 2016 అక్టోబర్‌లో మన భువనేశ్వర్‌లోనే మరో ఆసుపత్రిలో ఇరవై మందికి పైగా పోయారు. ఇవన్నీ వినడానికి బాధగానే ఉంటాయి. కానీ పాలవాడు రోజూ వస్తాడు.

పొగొస్తే టెర్రస్ మీదికి పోదామనుకునేరు. టెర్రస్‌కు తాళం. బరంపురం అప్పడాలకు దేశమంతా పేరుంది, ఆ పేరు నిలబెట్టే కొంత భాగం మా టెర్రస్ మీద ఎండుతుంది. ఒకసారి నాలుగో అంతస్తు వాళ్ల ఆవకాయ ముక్కలు ఎవరో ఎత్తుకుపోయారు. ఆ నేరం మీద జరిగినంత విచారణ ఈ భవనంలో ఇంకే విషయం మీదా జరగలేదు. అప్పటి నుంచి తాళంచెవి సెక్రటరీ గారి బీరువాలో ఉంటుంది. సెక్రటరీ గారు ఆరు నెలలు విశాఖలో కొడుకు దగ్గర ఉంటారు.

మాది పాతకాలపు కట్టడం. మెయిన్ రోడ్డు మీద కొత్తగా లేస్తున్న అద్దాల భవనాల ముందు దిగదుడుపే. వాటిలో కింద సెల్లార్‌లో బట్టల గోడౌన్, దాని మీద షోరూమ్, ఆపైన బ్యాంకు, ఆపైన కోచింగ్, అన్నిటికీ పైన వెదురు పందిరి వేసిన రెస్టారెంట్. మనిషి జీవితం మొత్తం ఒకే లిఫ్టులో అయిపోతుంది. బయట మెరిసే ఏసీపీ షీట్లలో రెండు పలుచటి అల్యూమినియం రేకుల మధ్య చవకరకమైతే ఉండేది ప్లాస్టిక్. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనానికి సరిగ్గా అలాంటి తొడుగే వేశారు. 2017 జూన్ 14న నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట ఆ తొడుగు పట్టుకుని బయటి నుంచి పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు. మనవాళ్లకు ఆ షీటులో రంగుల ఎంపిక ఎక్కువ.

మన అద్దాల భవనాల సీలింగ్‌లో నీళ్లు చల్లే స్ప్రింక్లర్లను కాస్త తలెత్తి చూడండి. మొనలో చిన్న గాజు గొట్టం, అందులో ఎర్రటి ద్రవం. అక్కడి వేడికి ఆ ద్రవం 68 డిగ్రీలకు చేరితే గొట్టం పగిలి నీళ్లు పడతాయి. సినిమాల్లో చూపించినట్టు అన్నీ ఒకేసారి కురవవు, ఏది వేడెక్కితే అదే తెరుచుకుంటుంది. ఇంత తెలివైన వస్తువుకు ఇంటీరియర్ వాళ్లు సీలింగ్‌తో పాటు తెల్లరంగు పూసేశారు. మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో బెలూన్ల గుత్తి దానికే కట్టారు. బలంగానే ఉంది, ఊడలేదు.

ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. 1944లో అదే రోజు బొంబాయి రేవులో నౌక పేలినప్పుడు ప్రాణాలిచ్చిన ఫైర్ సిబ్బంది జ్ఞాపకార్థం. ఆ సందర్భంగా మా దగ్గర మాక్ డ్రిల్ జరిగింది. నిప్పు ఎలా రావాలో అలాగే వచ్చింది: వాట్సాప్‌లో రెండు రోజుల ముందు మెసేజ్, ఉదయం పది గంటలకు సైరన్. ఆడవాళ్లు పట్టుచీరల్లో, మగవాళ్లు ఇస్త్రీ చొక్కాల్లో, అందరూ లిఫ్టులో దిగారు.

“లిఫ్టు వాడకూడదు మౌసీ, మెట్ల మీదే రావాలి” అన్నాడు ఫైరాఫీసరు కుర్రాడు, వచ్చీరాని తెలుగులో.

“మోకాళ్ల నొప్పులు బాబూ. నిజంగా వచ్చినప్పుడు దిగుతాంలే” అంది మా పెద్దమ్మ.

ఇనప ట్రేలో డీజిల్ పోసి మంట పెట్టారు, ఆర్పారు. చప్పట్లు, సమోసాలు. ఒక కుర్రాడు వీపుకు గాలి సిలిండరు తగిలించుకుని చూపించాడు. పేరుకు అరగంట, ముప్పావుగంట వస్తుందట, బరువుతో మెట్లెక్కితే ఇంకా తక్కువే. గొట్టం భుజాన వేసుకుని పొగలో ఐదో అంతస్తు ఎక్కేలోపే అందులో ఎంత మిగులుతుందో అతను చెప్పబోతుండగా అల్లం చట్నీ అయిపోయిందని గొడవ మొదలైంది. ఫైలిన్ తరువాత రోడ్లకు అడ్డం పడ్డ చెట్లు కోసి దారి చేసినవాళ్లు ఈ శాఖ వాళ్లే. మేం వాళ్లకు ఇచ్చే దారి మీకు పైన చెప్పాను.

డ్రిల్ వేడి చల్లారకముందే జనరల్ బాడీ మీటింగ్ పెట్టాం. సిలిండర్లన్నీ మళ్లీ నింపించాలని తీర్మానం. ఖర్చు ఎలా పంచాలన్న దగ్గర చిక్కొచ్చింది. మొదటి అంతస్తు వాళ్లు, “మేం కిటికీలోంచి దిగిపోతాం, మాకెందుకు?” అన్నారు. ఐదో అంతస్తాయన లేచి, “పొగ పుట్టేది మీ వంటింట్లో, వచ్చేది మా పడగ్గదిలోకి. పుట్టించిన వాళ్లే కట్టాలి” అన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు బోర్డు తెప్పించి, అంతస్తు సంఖ్యను చదరపు అడుగులతో హెచ్చవేసి ఒక సూత్రం కట్టారు. అద్దెకున్నవాళ్లు కాలిపోతే నష్టం యజమానిదా, అద్దెదారుదా అన్న ఉపప్రశ్న మీదే రాత్రి పదయింది. చివరికి కింద కార్లు పెట్టుకునే స్టిల్ట్‌లో మీటర్ల గది గోడకు ఆనుకుని మంచం వేసుకుని పడుకునే వాచ్‌మన్ ఏ అంతస్తు లెక్కలోకి వస్తాడన్నది తేలక, విషయాన్ని సబ్‌కమిటీకి అప్పగించి, మినిట్స్ బుక్‌లో అందరూ సంతకాలు చేశారు. అతనే కుర్చీలు మడిచి లోపల పెట్టాడు.