ఆరంగుళాల ఇసుక గారికి, బకెట్ మోసేవాడి విన్నపం

మహారాజశ్రీ మా అక్వేరియం అడుగున ఆరంగుళాల మందాన వేంచేసి ఉన్న ఇసుక గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ ఆరు గోల్డ్ ఫిష్‌లూ క్షేమం. తమరి క్షేమం ఎలా తెలుసుకోవాలో తెలియదు, ఐదు నెలలుగా తమరిలో చలనం లేదు.

మిమ్మల్ని ఇంటికి తెచ్చిన రోజు నాకంటే నా నడుముకి బాగా గుర్తు. పక్క వీధిలో ఇల్లు కట్టిస్తున్నాయన్ని బతిమాలి గోదావరి ఇసుక కొన్నాను. రోబో శాండ్ అయితే చవగ్గా ఇస్తానన్నాడు. అది గరుకు సరుకు, మా చేపలేమో కనబడ్డ ప్రతి రేణువునీ నోట్లో వేసుకుని పుక్కిలించే రకం. వద్దన్నాను. జల్లెడ పట్టి, ఏడేసి నీళ్లు మార్చి కడిగితే గానీ మీ బురద వదల్లేదు. 130 కిలోల మిమ్మల్ని మగ్గుతో పోస్తుంటే మా ఆవిడ ఒకటే అడిగింది: "ఇది చేపలకా, స్లాబుకా?"

ఇంతా చేసింది ప్రతి ఆదివారం బకెట్‌తో తొట్టి నీళ్లు మార్చే పని తప్పించుకోవడానికి. చేప తిన్నదీ తినకుండా వదిలేసిందీ అమ్మోనియా అవుతుంది, అది నైట్రైట్ అవుతుంది, అది నైట్రేట్ అవుతుంది. ఫిల్టర్‌లో కాపురమున్న బాక్టీరియా అక్కడితో చేతులు దులుపుకుంటాయి. ఆ పైన నైట్రేట్‌ని బకెట్‌తో బయటికి మోయాల్సింది ఇంటి యజమాని. అప్పుడు మీ కీర్తి నా చెవిన పడింది. పై అంగుళంలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ అంతా తినేస్తాయట. కింద గాలాడని చోట ఉన్నవి గత్యంతరం లేక నైట్రేట్‌లోంచి ఆక్సిజన్ లాక్కుంటాయట, మిగిలిన నైట్రోజన్ బుడగలై గాల్లో కలుస్తుందట. సముద్రపు నీళ్ల అక్వేరియం వాళ్లు 1990ల నుంచీ మీ భజన చేస్తున్నారు. అక్కడ మిమ్మల్ని కదపడానికి రకరకాల పురుగులుంటాయి. మంచినీళ్ల వాళ్లకి మలేషియన్ ట్రంపెట్ నత్తలే గతి. పది తెచ్చాను. ఇప్పుడు అర్ధరాత్రి లైటేస్తే అద్దం నిండా నత్తలే, ఇసుక వేస్తే రాలదు, అంటే మీరు పడినా రాలరు.

మీ సేవలో మొదటి విచిత్రం లెక్క. నాలుగడుగుల తొట్టి, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, కాగితం మీద 255 లీటర్లు. నైట్రేట్ పలచబడాలంటే నీళ్లు ఎక్కువుండాలి. మీరేమో వస్తూనే మూడో వంతు చోటు ఆక్రమించారు. ఆ మాత్రం స్థిరపడ్డాక ఖాళీ చేయించడం ఎవరి తరం!

అయినా నెల తిరిగేసరికి పరీక్ష చేస్తే గొట్టంలో లేత పసుపు. నైట్రేట్ లేనట్టే! ఆ ఆనందంలో మీకు కొబ్బరికాయ కొట్టాను. తరవాత కిట్టు డబ్బాలోని కాగితం చదివాను. రెండో సీసాని అరనిమిషం గట్టిగా ఊపాలట, అడుగున పేరుకున్న పొడి కదలకపోతే రంగు రాదట. ఊపాను. ఎరుపు. లీటరుకి 40 మిల్లీగ్రాములు. పోనీ 80. ఆ చీటీ మీద ఆ రెండు ఎరుపులకీ తేడా చెప్పగలిగినవాడు పట్టుచీరల కొట్లో ఉండాల్సినవాడు.

అప్పటికే బకెట్ మానేసి ఆవిరైనంత బోరునీళ్లు మాత్రం పోస్తున్నాను. మూడో నెలా 40, ఐదో నెలా 40. ఈలోపు అద్దం వెంట మీ ఒంటి మీద నల్లటి చార. చీపురుపుల్లతో పొడిస్తే ఒక బుడగ లేచింది. వంటింట్లో మా ఆవిడ గుడ్లు మురిగాయేమోనని ఫ్రిజ్ తెరిచింది. సల్ఫేట్ మెండుగా ఉండే సముద్రపు నీళ్లలో అయితే ఈ కంపుకి ఇంకా భయపడాలి. మన నీళ్లలో అంత సరుకు ఉండదు గనక చేపలు బతికాయి, మీరు బతికారు.

ఆ బుడగ చూశాక మా నాన్న గుర్తొచ్చాడు. కోనసీమలో రెండెకరాల వరి మాది. ఊడ్పు చేలో కాలు దిగబడితే ఇలాగే బుడబుడమని లేచేవి, ఇదే వాసన. యూరియా చల్లిన చేను ఆరి, మళ్లీ తడిసినప్పుడల్లా ఆయన నెత్తి కొట్టుకునేవాడు, "బస్తా డబ్బులు గాల్లో కలిశాయిరా" అని. ఆ గాల్లో కలపడంలో మీ బాక్టీరియాకీ వాటా ఉంది. అమ్మోనియా తొందరపడి నైట్రేట్ కాకుండా ఆపడానికే 2015లో దేశంలోని యూరియా మొత్తానికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. అంటే ఆయన పోతోందని ఏడ్చినదాన్ని పోగొట్టించుకోవడానికి నేను 130 కిలోలు మోశాను. ఈ సంగతి ఆయనకి ఫోన్‌లో చెప్పే ధైర్యం ఇంతవరకూ చాలలేదు.

కోపంతో ఈ ఉత్తరం మీకు ఉద్వాసన పలకడానికే మొదలెట్టాను. చివరిసారి సాక్ష్యం కోసం తొట్టి నీళ్లు ఒక గొట్టంలో, పక్కన పోలికకి బోరునీళ్లు ఇంకో గొట్టంలో పట్టాను. రెండో సీసా చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాను. ఐదు నిమిషాలాగి చూస్తే రెండు గొట్టాలూ కవల పిల్లలు.

మా బోరులోనే 40! తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గీసిన గీత 45. కేంద్ర భూగర్భ జల బోర్డు 2024 నివేదికలో తెలంగాణ నమూనాల్లో నాలుగో వంతుకు పైగా ఆ గీత దాటినవే. పొలాల ఎరువూ, సెప్టిక్ ట్యాంకుల ఊటా కిందికి దిగి, మా మోటారెక్కి పైకొస్తున్నాయన్నమాట. అన్నేళ్లూ ప్రతి ఆదివారం 40 తీసి 40 పోశాను. నా బకెట్ మీకంటే పెద్ద సోమరి.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే. ఈ ఐదు నెలలూ ఆరు చేపలు రెండు పూటలా మెక్కాయి. నేను ఒక్క చుక్క తీయలేదు, పైగా 40 ఉన్న నీళ్లు పోస్తూ వచ్చాను. పెరగాల్సింది పెరగలేదే, అదంతా ఎవరు తిన్నట్టు? మూలనున్న వాలిస్నేరియా అనే నీటిమొక్క నాలుగు పిలకలేసింది, కొంత దాని పద్దు. మిగతాది మీరేనని అనుమానం. ఆ ఎరుపు 40వా 80వా తేలందే ఒప్పుకోను.

రేపు పొద్దున్న ఆరింటికి కుళాయిలో మంజీరా నీళ్లు వదులుతారు. క్లోరిన్ పోవడానికి డ్రమ్ములో ఒక రోజు ఉంచి, ఎల్లుండి రెండు బకెట్లు పోస్తాను. అంతవరకూ తమరు కదలవద్దని మనవి. కదలరనుకోండి.

ఇట్లు,
తమరి బరువు మోసినవాడు

తా.క.: నత్తలు అమ్మిన కొట్టాయన వాటిని వెనక్కి తీసుకోనన్నాడు. "ఇంకో వంద కావాలా సార్?" అన్నాడు.