సారు వేసిన యాభై

మా కడపలో అమెరికా చదువంటే ఎంఎస్సే. అందుకే మా అక్క కూతురు కమ్యూనికేషన్‌లో ఎంఏ చేయడానికి అమెరికా పోతానంటే బంధువుల్లో పెద్ద గలభా అయింది. "ఎంఏ అయితే దూరవిద్యలో కట్టి ఇంట్లో కూర్చోనే రాసుకోవచ్చు గదా, దానికి ఇమానమెందుకు?" అన్నాడు మా పెదనాయన. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. అట్లా ఎంఏ కట్టి, రాసి, పట్టా బీరువాలో పెట్టి తాళమేసినవాళ్లు మా ఇళ్లల్లోనే ఉన్నారు.

పాప తొణకలేదు. కొత్త వేరుశనగ విత్తనం వస్తే మన రైతులు ఎవరి మాట నమ్మి చేన్లో వేస్తారన్నది దాని పట్టు. అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విషయంలో ఇదే సంగతిని రయాన్, గ్రాస్ అనే ఇద్దరు 1943లోనే తేల్చి రాశారట. విత్తనం వచ్చిందన్న కబురు ఎక్కువమందికి చేరవేసింది అమ్మేవాళ్లు. తీరా రైతు నమ్మి వేసింది మాత్రం ఎక్కువగా ఇరుగుపొరుగు మాట మీద. ఇది వినిపిస్తే మా పెదనాయన, "దీనికోసం అయోవా దాకా పోవల్లనా? పులివెందుల బస్టాండులో అడిగితే చెప్పరా?" అన్నాడు. పాప ఆ మాటనే, ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో రాసి పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో మొదటి వాక్యంగా పెట్టుకుంది. పెదనాయన పేరు మాత్రం వేయలేదని ఆయనకిప్పటికీ కోపం.

టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అయింది. జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష ఆ డిపార్ట్‌మెంటువాళ్లు అడగలేదు. మిగిలినవి మూడు సిఫారసు లేఖలు. రెండు చప్పుడు లేకుండా వెళ్లిపోయాయి. మూడోది మా తెలుగు సారుది.

సారు నాకూ పాఠం చెప్పాడు, పాపకూ చెప్పాడు. రిటైరై ఎర్రముక్కపల్లెలో ఉంటాడు. పొద్దున లేస్తే బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుంటాడు. జవాబు కింద "అద్భుతం" అని రాసి నూటికి నలభై రెండు వేసే రకం. ఆయనకు యూనివర్సిటీ నుంచి లింకు రావాలి, వచ్చిందో లేదో చూడాలంటే మెయిల్ తెరవాలి, తెరవాలంటే పాస్‌వర్డు కావాలి. అది పంచాంగం వెనక అట్ట మీద రాసుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పాతది అటకెక్కింది. దాని వెనకే నేనూ ఎక్కాను. లింకు స్పామ్‌లో ఉంది.

"ఇది సరే, ముద్ర యాడ కొట్టల్ల?" అన్నాడు సారు స్క్రీను తడుముతూ.

ఇక్కడో చట్టం సంగతి చెప్పాలి. అమెరికాలో 1974 నుంచి ఫెర్పా అని ఒకటుంది. కాలేజీలో చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కును అది ఇస్తుంది. అందుకని అప్లై చేసేటప్పుడే, "ఈ లేఖ చూసే హక్కు వదులుకుంటున్నాను" అని ఒప్పుకుంటారా అని అడుగుతారు. ఒప్పుకుంటే రాసేవాళ్లు మొహమాటం లేకుండా రాస్తారని నమ్మకం. పాప ఒప్పుకుంది. సారు ఆ రహస్య లేఖను వరండాలో కూర్చొని ఎత్తుగా చదివి వినిపించాడు. నేను విన్నాను, మేడం విన్నది, పాలాయన క్యాను దించి మరీ విన్నాడు. గేటు దగ్గర పాప కూడా ఉంది.

లేఖ అచ్చం కాండక్ట్ సర్టిఫికెట్. ఈమె గౌరవనీయ కుటుంబంలో పుట్టింది, తండ్రి కరెంటాఫీసు ఉద్యోగి, సత్ప్రవర్తన కలది, నాకు తెలిసినంతవరకు ఎట్టి గొడవల్లోనూ తలదూర్చలేదు. పాలాయన తలూపాడు. వేరుశనగ గురించి ఒక ముక్క ఇరికించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో మేడం కాఫీకి పిలిచింది. నేను లోపలికి పోయి వచ్చేసరికి సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అయిపాయెరా. సబ్మిట్ కొట్టేసినా. ఇన్నాళ్లూ మార్కులకు పిసినారినని ఆడిపోసుకున్నారు గదా, ఈ పొద్దు చూడు, అన్నింటికీ యాభై వేసినా."

"యాభై ఏంది సార్?"

"పెట్టెలిచ్చినారు గదా. ఒకటి, అయిదు, పది, ఇరవై అయిదు, యాభై. ఒకటి వేస్తే పిల్ల బతుకేం గావల్ల? నూరుకు పెట్టెనే లేదు. యాభయ్యే పై మార్కు."

ఆ పెట్టెల మీద టాప్ అని, పక్కన శాతం గుర్తు ఉన్నాయి. నూరుమందిలో మొదటి ఒక్కరా, మొదటి అయిదుగురా, లేక మొదటి సగంలో ఎక్కడో ఒకచోటా అని దానర్థం. తెలివి, రాత, పరిశోధన, అన్నింట్లోనూ పాప సగంలో ఎక్కడో ఒకచోట ఉంది.

నేను విడమరిచి చెప్పాను. సారు చాలాసేపు మాట్లాడలేదు.

"అంటే తక్కువేస్తే ఎక్కువనా?"

"అవును సార్."

"ఇది ఎప్పట్నుంచి?"

పాప ఆ రాత్రే అడ్మిషన్ల ఆఫీసుకు రాసింది. లేఖ రాసినాయనే తన మెయిల్ నుంచి అడిగితే ఫారం మళ్లీ తెరుస్తామని మర్యాదగానే జవాబొచ్చింది. అది విని సారు భగ్గుమన్నాడు. "నేనేసిన మార్కు తప్పని నేనే రాసియ్యాల్నా? బ్రౌను దొర 1820లో ఈ ఊరికొచ్చినాడే, ఎవరి పెట్టెల్లో టిక్కులు పెట్టిచ్చుకోని వచ్చినాడు?" నిజానికి ఆ రోజుల్లో కంపెనీ కొలువుకు డైరెక్టర్ల సిఫారసు లేనిదే దారి లేదు. పైగా దొర మద్రాసులో తెలుగు పరీక్ష గట్టెక్కాకే ఇటు వచ్చాడు. ఇవన్నీ నాకు చెప్పింది సారే. కోపంలో ఉన్న మనిషికి ఆయన పాఠమే ఆయనకు అప్పజెప్పడం ఎందుకని ఊరుకున్నాను.

చివరికి మేడం గదమాయిస్తే రాశాడు. "విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్ అబౌ" అని మొదలుపెట్టి "డూ ద నీడ్‌ఫుల్" దగ్గర ముగించాడు. అర్థమైనట్టే ఉంది, ఫారం తెరిచారు.

ఈసారి నా కాఫీ వరండాకే వచ్చింది. తెలివికి అయిదు పెట్టించాను. రాతకు ఒకటి దగ్గర సారు చెయ్యి ఆడలేదు. "ఫెయిల్ చేస్తాండట్టుందిరా" అంటూ కళ్లు మూసుకుని నొక్కాడు. ఆఖరి వరుస బాధ్యత, సమయపాలన. మౌసు నేరుగా యాభై మీదికి పోయింది.

"సార్, అది యాభై."

"తెలుసులేరా. ఇది తెలిసే పెడతాండా. మొదటి పీరియడుకు నీ మేనకోడలు ఏ పొద్దన్నా టయానికి వచ్చిందా?"

హక్కు వదులుకున్న మనిషి కదా, ఈ సంగతి పాపకు తెలియకూడదు.

"వచ్చినా సార్, రెండు మార్లు!" అని గేటు దగ్గర్నుంచి వినపడింది.