వయసు మీద నెట్టేయడం ఎంత సులువో

"వయసైపోయింది కదమ్మా, నొప్పులు మామూలే." నిన్న డాక్టర్ ఈ ముక్క అనగానే అమ్మ తలూపేసింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అమ్మకు 61. మా పక్క వీధిలో రిటైరైన టీచరమ్మకు 68, రోజూ పొద్దున్నే గుడి దాకా నడిచొస్తుంది. వయసే కారణమైతే మోకాళ్ళు ముందు ఆమెవే పోవాలి కదా?

మాది జగిత్యాల దిక్కు. అమ్మ ఎనిమిదో ఏటే బీడీలు చుట్టడానికి చాట ముందు కూర్చుంది. అప్పట్లో పిల్లకు బీడీలు చుట్టడం వచ్చా అని పెళ్ళిచూపుల్లోనే అడిగేవాళ్ళు. నడుం వంచి తునికాకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. వెయ్యి బీడీలంటే ఇదంతా వెయ్యిసార్లు. బాగాలేవని కార్ఖానాలో తీసి పారేసిన వాటికి పైసలుండవు, ఆ లోటూ ఆ నడుమే పూడ్చాలి. నేను పుట్టే ముందురోజు కూడా చుట్టిందట. మేం ఆ తంబాకు ఘాటులోనే పడుకుని పెరిగాం. (మాకు ఎన్నేళ్ళకు ఏం బయటపడుతుందో!)

ఇక ఫ్యామిలీ గ్రూపులో ఒకటే ఫార్వర్డులు: పాతకాలం వాళ్ళు జొన్నరొట్టెలు తిని ఉక్కులా ఉండేవాళ్ళట. ఎవరండీ ఆ తిన్నవాళ్ళు? అమ్మకు చిన్నప్పుడు దొరికింది మక్క గటక (మొక్కజొన్న సంకటి), అదీ ఒక్కో రోజు ఒక్క పూటే. ఉక్కులా లేనివాళ్ళు ముందే పోయారు, వాళ్ళు మెసేజ్‌లు పెట్టరు.

1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ అదనంగా తిండి పెట్టారు. పెద్ద విందేం కాదు, ఉప్మా. ఆ పిల్లలు టీనేజికి వచ్చాక పరీక్షిస్తే, ఆ తిండి అందని పల్లెల పిల్లలకంటే వాళ్ళ రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది, ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. చిన్నప్పటి గిన్నెడు ఉప్మాకే అంత తేడా ఉంటే, చిన్నప్పటి ఆకలికీ వంగిన నడుముకీ లెక్క ఉండదా?

బీడీ పింఛను 2,016 రూపాయలు వస్తుంది, కాదనను. అదీ పీఎఫ్ ఉన్నవాళ్ళకే. అమ్మకు వచ్చేది మోకాళ్ళ మాత్రలకే సరిపోతుంది.

ఆస్పత్రి చీటీలో బీపీ రాశారు, షుగర్ రాశారు, వయసు రాసి దాని కింద గీత కూడా గీశారు. ఇన్నాళ్ళూ ఏం పని చేశారన్న గడి అసలు లేనే లేదు. తిరిగొస్తూ ఆటోలో అడిగాను, బీడీల సంగతి డాక్టరుకు ఎందుకు చెప్పలేదని.

"ఆయన అడగలే గద బిడ్డా" అంది.