ఎమ్మారై ఫిల్ము గారికి ఒక నడుము రాయునది

నల్లగొండ

ఫిల్ము గారూ,

వంగి దండం పెట్టే రోజులు పోయాయి కాబట్టి నిలబడే పెడుతున్నాను. బీరువా మీద మీరు క్షేమమే కదా. దుమ్ము పడకుండా మా ఆవిడ మీ మీద పాత దుప్పటి కూడా కప్పింది. నేను మంచం మీద మూలిగినన్నాళ్లూ నాకు దుప్పటి నేనే కప్పుకున్నాను. సరే, ఆ ముచ్చట వదిలేద్దాం.

మన పరిచయానికి కారణం ఒక నీళ్ల క్యాన్. 20 లీటర్లది. ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టడం, నడుములు వంగిపోవడం చూస్తూ పెరిగిన జిల్లా మాది. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతికి పుస్తకాల్లో ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే ఉంది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నా పాత భయం పోదు, ఫిల్టర్ నీళ్లే కొంటాం. అట్లా ఎముకలు పదిలంగా ఉండాలని కొన్న క్యాన్‌ను ఒక ఆదివారం పొద్దున వంగి, పక్కకు తిరిగి ఎత్తాను. అంతే. పిర్రలోంచి తొడ వెనకగా, పిక్క పక్కనుంచి కాలి బొటనవేలి దాకా కరెంటు పోయింది. తుమ్మితే ఒక షాకు, చెప్పు తొడుక్కుంటే ఒక షాకు. వాడుకోవడానికి వీల్లేదు గానీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు కూడా నా కాల్లో ఉండేది.

మొదటి డాక్టరు నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. ‘ఎక్కడ నొప్పి?’ అన్నాడు, ‘ఎమ్మారై తీయించుకోండి’ అన్నాడు. రెండు మాటల మధ్య ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఉంటుంది. అట్లా మీరు పుట్టారు.

అప్పటినుంచి పేషెంటు మీరు, అటెండరు నేను. హైదరాబాదు బస్సులో మీకు కిటికీ పక్క సీటు, ఎందుకంటే మిమ్మల్ని మడవకూడదట. నన్ను ఎట్లా మడిచినా ఫర్వాలేదు. చిట్యాల దాటాక కండక్టర్ వచ్చి, ‘సారూ, ఆ ఫొటో జర పైకి పట్టుకోండ్రి, గీరుకపోతది’ అన్నాడు. చౌటుప్పల్ దాకా మిమ్మల్ని ఊరేగింపులో దేవుడి పటంలా పట్టుకుని కూర్చున్నాను.

ఆ పెద్ద ఆసుపత్రిలో మిమ్మల్ని లైటు పెట్టెకు తగిలించి, మీవైపు తిరిగే మాట్లాడారు. ‘ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ మధ్య డిస్కు (నడుము కిందిభాగంలో రెండు వెన్నుపూసల నడుమ ఉండే మెత్త) ఉబ్బింది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే కాలు పడిపోతుంది. కార్డు ఉందా?’ కాలు ఎవరిదో అడగలేదు. కార్డు ఎవరిదో మాత్రం అడిగారు. ఇంకోచోట మిమ్మల్ని చూసి బెల్టు, లేజరు, పది సిట్టింగుల ప్యాకేజీ అన్నారు. ఇంటికొచ్చిన చుట్టాలైతే మిమ్మల్ని ట్యూబులైటుకు ఎత్తి తలకిందులుగా పట్టుకుని ‘అబ్బో’ అనుకుంటూ పోయారు.

నిజం చెప్పాలంటే, ఈ మొత్తం కథలో నా నడుమును మొదట ముట్టుకున్నది మా మేనత్త. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా దిక్కు నమ్మకం. ఆమె బోర్లా పడుకోమని మూడుసార్లు కాలితో తాకించింది. నొప్పి పోలేదు. కానీ తొక్కేముందు ‘ఎక్కడ బిడ్డా, ఈడ్నా?’ అని వేలితో వెతికింది చూడండి, ఆ పని అప్పటిదాకా ఎవరూ చేయలేదు.

మీ గురించి కొంచెం చదివాను కూడా. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించిందట. అంటే మీరు చూపించే ఉబ్బు, నొప్పి లేకుండా హాయిగా తిరిగేవాళ్లలోనూ ఉంటుంది. ఇందులో మీ తప్పు లేదు. మీతో వచ్చిన రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ‘క్లినికల్ కోరిలేషన్’ అని రాసే ఉంది. మనిషిని చూసి పోల్చుకోండి అని దానర్థం. ఆ లైను దాకా ఎవరూ చదవలేదు, అంతే.

చివరికి ఒక డాక్టరు దొరికాడు. మిమ్మల్ని కవరుతో సహా బల్ల మీద పక్కకు పెట్టాడు. (మీరు నొచ్చుకున్నారేమో, నాకు మాత్రం పండగైంది.) నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు మెల్లగా ఎత్తాడు. సగం దూరం రాకముందే నేను అరిచాను. బొటనవేలు పైకి లేపమని తన వేలితో కిందికి నొక్కాడు. మడమల మీద నడిపించాడు. ‘మూత్రం ఆగిపోతుందా? కూర్చునే చోట మొద్దుబారిందా?’ అని అడిగి, ‘అవి ఉంటే ఈ రాత్రే ఆపరేషన్ అనేవాణ్ని’ అన్నాడు. ‘మర్రిగూడ దిక్కా మీది? చిన్నప్పుడు బోరు నీళ్లే తాగిండ్రా?’ అనీ అడిగాడు. ఫ్లోరైడ్ ముదిరితే ఎముక పెరిగి వెన్నుపాము దారే ఇరుకవుతుందట, అదేమైనా ఉందేమోనని. అన్నీ అయ్యాక మిమ్మల్ని తీసి చూశాడు. ఒక్క నిమిషం. బొటనవేలి బలం తగ్గడానికీ మీలోని నల్లటి మచ్చకూ లంకె కుదిరిందన్నాడు.

చికిత్స విని మా ఆవిడ నిరాశపడింది. మంచం దిగి నడవాలి, బరువు ఎత్తకూడదు, మందులు కొన్నాళ్లు, వ్యాయామం రోజూ. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది, డిస్కులోంచి జారిన ముక్క చాలాసార్లు దానంతటదే కుంచించుకుపోతుంది అన్నాడు. ‘ఇంత దూరం వచ్చింది నడవమని చెప్పించుకోవడానికా?’ అంది ఆమె.

తొమ్మిదో వారం నడుస్తోంది. క్లాక్ టవర్ దాకా పోయి వస్తున్నాను. బొటనవేలు ఇంకా కొంచెం తిమ్మిరే. నీళ్ల క్యాన్ పిల్లవాడు వంటింటి దాకా తెచ్చి పెడుతున్నాడు, ఐదు రూపాయలు ఎక్కువ.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న పక్కింటాయన వచ్చాడు. ఆయనకూ నడుము పట్టిందట, కాలు గుంజుతోందట. రేపు హైదరాబాదులో డాక్టరుకు చూపించుకుంటాడట. ‘సారూ, మీ ఫిల్ము ఒకసారి ఇస్తరా? ఇద్దరిదీ ఒకటే నొప్పి గదా, మళ్లీ పైసలెందుకు?’ అన్నాడు.

మీ ఇష్టం కనుక్కుని చెబుతానన్నాను. కిటికీ పక్క సీటు ఖాయమట.

ఇట్లు,
మీ అటెండరు