ఫుల్‌స్టాప్ పెట్టండి మహాప్రభో

ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చిన నోటీసు ప్రస్తుతం నా బల్ల మీద ఉంది. పేజీ మొత్తానికి ఒకటే వాక్యం. ‘పై విషయమునకు సంబంధించి’ అని బయల్దేరి, ‘సదరు’ అనే మాటను చేతికర్రలా పట్టుకుని మెల్లగా పేజీ దిగి, సంతకం దగ్గరికొచ్చి ఆయాసంతో కూలబడింది. నేను ఏదో చేయకపోతే ఏదో జరుగుతుందన్న సంగతి మాత్రం గట్టిగా అర్థమైంది. అధికారివారు దయతలచి కింద ఒక మాట చేర్చారు: ‘సందేహములున్న యెడల పైన ఉదహరించిన నిబంధనను చూడగలరు.’ చూశాను. ఆ నిబంధన ఇంకో నిబంధనను చూడమంది. అది ‘ఎప్పటికప్పుడు సవరింపబడిన మేరకు’ అనేసి తలుపేసుకుంది.

పాపం, వాళ్లకు రాయడం రాదని కొందరు జాలిపడతారు. ఆ జాలి దండగ. ఇదే కార్యాలయం మనల్ని డబ్బు కట్టమన్నప్పుడు చూడండి. ఎంత కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఏ తేదీలోగా కట్టాలి, ఆలస్యమైతే జరిమానా ఎంత, అన్నీ పసిపిల్లలకు కూడా తెలిసే భాషలో, అదీ బోల్డ్ అక్షరాల్లో ఉంటాయి. మనకు రావలసింది ఇవ్వాల్సి వచ్చినప్పుడే వాళ్లకు గ్రాంథికం పూనుతుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. రోమన్ చక్రవర్తి కాలిగులా కొత్త పన్నులు వేసి, ఆ చట్టాన్ని రాతలో ప్రకటించకుండా ఉంచాడు. తెలియక జనం తప్పులు చేశారు. ప్రకటించమని గోల చేస్తే, సన్నటి అక్షరాలతో రాయించి, ఎవరూ నకలు తీసుకోలేని ఇరుకు చోట పెట్టించాడు. వెర్రివాడు. అక్షరాలు పెద్దవిగానే ఉంచి వాక్యాన్ని సాగదీస్తే చాలునని ఆయనకు తట్టలేదు.

అయితే చరిత్రలో ఒకే ఒక్కసారి, నా లెక్కలో, దీనికి సరైన మందు వేశారు. 1596లో ఇంగ్లండ్ చాన్సరీ కోర్టుకు మిల్‌వర్డ్ అనే పెద్దమనిషి వేసిన కేసులో 120 కాగితాల జవాబు దాఖలైంది. 16 కాగితాల్లో అయిపోయే సంగతది. రాసింది ఫిర్యాదుదారు కొడుకని తేలింది. కోర్టు ఏమందంటే, వచ్చే శనివారం ఉదయం పది గంటలకు అతన్ని వెస్ట్‌మిన్‌స్టర్ హాలుకు తీసుకురండి, ఆ కాగితాల కట్ట మధ్యలో కన్నం చేయండి, అందులోంచి అతని తల దూర్చండి, రాత బయటికి కనబడేలా భుజాల మీద వేలాడదీయండి, కోర్టులు నడుస్తుండగా హాలంతా తిప్పి ప్రతి కోర్టు ముందూ చూపించండి అని. పది పౌండ్ల జరిమానా, అది కట్టేదాకా జైలు కూడా వేసింది.

నాకు ఆ శనివారం అంటే ప్రాణం. దాన్ని మళ్లీ తెస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఉదయం పది. సచివాలయం మెట్ల మీద ఊరేగింపు మొదలైంది. ముందు ఒక సంయుక్త కార్యదర్శి, మెడలో సర్క్యులర్. వెనక ఇంకో ఆయన, అనుబంధాలు ఎక్కువై నడవలేకపోతుంటే ఇద్దరు అటెండర్లు చెరోవైపు పట్టుకున్నారు. పీడీఎఫ్‌కు కన్నం ఎలా చేస్తారని ఐటీ విభాగం సందేహం లేవనెత్తింది, దానిపై కమిటీ వేశారు. ఇంతలో న్యాయ సలహాదారు పరుగున వచ్చి, ఉత్తర్వులో ‘తల’ అంటే సొంత తలా, అధీకృత ప్రతినిధి తలా అన్నది స్పష్టంగా లేదని ఊరేగింపు ఆపించారు. ఫైలు పైకి వెళ్లింది. కిందికి వచ్చింది. చివరికి, మీరు ఊహించినట్టే, కన్నంలో దూరింది టైపిస్టు తల.

మన దేశంలో కన్నాలు చేయరు గానీ, 2017లో సుప్రీంకోర్టు ఒక హైకోర్టు తీర్పును చదివి, అర్థం కావడం లేదన్న కారణంతో రద్దు చేసి వెనక్కి పంపింది. 2021లో అదే హైకోర్టు నుంచి ఇంకో తీర్పు వచ్చింది. అది చదివాక తలకు బామ్ రాసుకోవాల్సి వచ్చిందని సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు అన్నారు. నవ్వొచ్చే మాటే. కానీ అర్థం కాని కాగితాన్ని వెనక్కి పంపే అధికారం ఆయనకుంది. పింఛను ఆగిపోయిన ముసలావిడకు ఉందా? ఎందుకు ఆగిందో, ఏ కాగితం ఇస్తే మళ్లీ వస్తుందో, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవాలో ఆవిడకు వచ్చిన ఉత్తరంలో ఉండే ఉంటుంది, నాలుగో ఉపనిబంధన కింద మినహాయింపులో. ఆవిడ దాన్ని పట్టుకుని వాళ్లనీ వీళ్లనీ బతిమాలుతుంది. దళారీకి డబ్బులిస్తుంది. ఈలోగా గడువు దాటిపోతుంది. అప్పుడు కౌంటర్ వెనక మనిషి తల కూడా ఎత్తకుండా, చట్టం తెలియదంటే కుదరదమ్మా అంటాడు. తెలియకుండా రాసింది మీరు! రాసి, జీతం తీసుకుని, అర్థం కాకపోవడాన్ని ఆవిడ నేరంగా లెక్కగట్టి, ఆవిడ నోటిదగ్గర కూడు ఆపేసింది మీరు. సిగ్గు లేదూ?

1979లో లండన్ పార్లమెంటు స్క్వేర్‌లో క్రిస్సీ మేహర్ అనే ఆవిడ అర్థం కాని ప్రభుత్వ ఫారాలను అందరి ముందూ ముక్కలు ముక్కలు చేసింది. టీనేజీ సగం గడిచేదాకా చదవడం రాని మనిషి ఆమె. పంపించేయడానికి వచ్చిన పోలీసు పాత చట్టంలోంచి ఒక బారెడు వాక్యం చదివితే, అంటే మమ్మల్ని వెళ్లిపొమ్మనా అని ఆమె అడగాల్సి వచ్చింది.

సరళంగా రాస్తే కచ్చితత్వం పోతుందని లాయర్లు అంటారు. ఆ కచ్చితత్వం ఎంతటిదో అమెరికాలోని మైన్ రాష్ట్రంలో చూశాం. ఓవర్‌టైమ్ చట్టంలో ఒక కామా లేకపోవడంతో, పాల కంపెనీ డ్రైవర్లకు ఓవర్‌టైమ్ వస్తుందా రాదా అని 2017లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తలపట్టుకుంది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. అక్కడ చట్టాలు రాసేవాళ్లకిచ్చే మార్గదర్శక పుస్తకం అప్పట్లో ఆ కామా పెట్టొద్దనే చెప్పింది.

చట్టం తెస్తే సరిపోతుందనుకునే అమాయకులకు రెండు సంగతులు. కోర్టు వాదనలు జనానికి తెలిసే ఇంగ్లిష్‌లోనే జరగాలని ఇంగ్లండ్‌లో 1362లో చట్టం చేశారు. దాన్ని ఫ్రెంచిలో రాశారు. ఇక అమెరికా 2010లో సరళ రచన చట్టం తెచ్చింది. ప్రభుత్వ శాఖలు జనానికి అర్థమయ్యేలా రాసి తీరాలట. రాయకపోతే? కోర్టుకు వెళ్లడానికి లేదని అదే చట్టం చెప్పింది. ఆ ఒక్క సంగతి మాత్రం ఎవరికైనా అర్థమయ్యేలా రాశారు.

నన్నడిగితే ఒక్క నిబంధన చాలు. గడువు నోటీసు అందిన రోజు నుంచి కాదు, అర్థమైన రోజు నుంచి మొదలవ్వాలి. అర్థమైందని రుజువు చేసుకోవలసింది పంపినవాళ్లే. రుజువు పెద్ద కష్టం కూడా కాదు. పంపే ముందు గేటు దగ్గరి వాచ్‌మన్‌కు చదివి వినిపించి, ఇప్పుడు నువ్వేం చేయాలి అని అడగండి. చెబితే పంపేయండి. చెప్పలేకపోతే సంతకం పెట్టిన ఆఫీసరుగారినే అదే ప్రశ్న అడగండి. ఆయనా నీళ్లు నమిలితే, అసలు దీన్ని రాసిందెవరో విచారించండి. ఎవరూ రాయలేదని తేలుతుంది. అది ‘జారీ చేయబడింది’, అంతే.